చక్రం మీద పసుపు చార

కారు చక్రాలకు పసుపు పూసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. భక్తి లేక కాదు. గడపకు పూసుకోండి, రోలుకు పూసుకోండి, నాకేం? చక్రానికి పూసి, దాని మీద కుంకుమ అద్ది, కొబ్బరినీళ్లు ధారగా పోసి, తడి ఆరకముందే దుమ్ములో తిప్పుకొచ్చి, ఆరు నెలలకు "మేస్త్రీ, నువ్వేసిన రంగు పెచ్చులు లేచింది" అని నా మీదికే వస్తారు. అప్పుడు నేను తిట్టే తిట్లు బస్టాండు దాకా వినబడతాయని అంటారు. అబద్ధం. పక్క హోటల్ దాకానే.

నా పేరు పగిడయ్య. కొత్తగూడెంలో టింకరింగు షెడ్డు నాది. సొట్టలు తీయడం, గుంటల్లో లప్పం పెట్టి సాపు చేయడం, పైన రంగు కొట్టడం నా పని. ఈ సంగతి జరిగింది ఎనభై ఏడులో, శ్రీరామనవమి ముందర.

నవమి ఇంక రెండు రోజులుందనగా భద్రు తెల్ల అంబాసిడర్ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. కారు అతనిది కాదు, వేంసూరు వెంకటనారాయణగారిది. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. మిర్చి, మామిడితోటలు, సత్తుపల్లిలో ఎరువుల దుకాణం. భద్రు ఆయన దగ్గర చాలా ఏళ్లుగా డ్రైవరు. ఏన్కూరు పక్కన ఒక లంబాడీ తండా అతని ఊరు. పెళ్లాం రూప్లి అక్కడే ఉంటుంది, ఇతను వారానికోసారి వెళ్లి వస్తుంటాడు.

కారుకు ఎడమ వైపున్న రెండు చక్రాల రిమ్ములూ చూడబుద్ధి కాలేదు. అంచు పొడుగునా రంగు లేచిపోయి, ఇనుము గీరుకుపోయి, కొన్నిచోట్ల లోపలికి వంగి ఉంది. ఎవరో గోడకేసి రాసినట్టు ఉంది. రాసింది నిజమే, ఆ కథ డ్రైవర్ల నోట నా దాకా అప్పటికే వచ్చింది.

శివరాత్రి వెళ్లిన వారంలో భద్రు, వెంకటనారాయణగారి భార్య పద్మావతమ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కొత్తగూడెం నుంచి వేంసూరు పోతున్నాడు. జూలూరుపాడు దాటాక అడవిలో ఒక కల్వర్టు దగ్గర కారు ఉన్నట్టుండి ఎడమకు లాగింది. గోడకు ఒరుసుకుంటూ పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కారును ట్రాక్టరుకు కట్టి ఏన్కూరు సెంటర్లో హోటల్ ముందుకు చేర్చారు. కబురందుకుని వెంకటనారాయణగారు వచ్చాడు. చక్రాలు చూశాడు, భద్రు మొహం చూశాడు. "తండావాడి చేతికి కారిస్తే ఇంతే. ఇప్పసారా తాగి నడిపాడు" అన్నాడు. అప్పుడు ఆ హోటల్లో టీ తాగుతున్నవాళ్లలో సగం మంది తండావాళ్లే. భద్రు ఇంటికి చేరకముందే మాట చేరింది.

మెకానిక్కుకు స్టీరింగు చూపిస్తే ఏ లోపమూ లేదన్నాడట. లోపం బండిలో లేకపోతే మనిషిలోనే ఉన్నట్టు కదా అని ఆయన లెక్క. అప్పట్నుంచి భద్రు ఎద్దుబండి కంటే నిదానంగా నడుపుతుంటే, తప్పు చేసినవాడు కాబట్టే భయపడుతున్నాడు అన్నాడట. ఎటు పోయినా మనిషికి దారి లేకుండా చేశాడు.

"ఎవని మీది కోపం గోడ మీద తీర్చుకున్నవ్ భద్రూ?" అన్నాను నేను, ఊరికే ఉండలేక.

అతను నవ్వలేదు. "నువ్వు గూడ తాగిండనే అనుకుంటున్నవా మేస్త్రీ?"

"నేనేం అనుకుంటలే. చక్రాలు జూస్తున్న. ఏం జెయ్యమన్నడు మీ అయ్యగారు?"

"నాలుగిటికి వెండిరంగు ఎయ్యమన్నడు. నవమి నాడు పొద్దుగాల ఇద్దరొచ్చి గీడికెళ్లే భద్రాచలం పోతరు. అయ్యగారే నడుపుకుంటడట. నన్ను తాళాలిచ్చి ఇంటికి పొమ్మన్నడు."

"మరి ఉద్యోగం?"

"పోతే పోనియ్. లారీ దొరుకుతది, జీపు దొరుకుతది. నాకు ఆ మాట పోవాలె మేస్త్రీ, తాగుబోతన్న మాట." అతను స్టెప్నీ దింపుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "మా నాయిన లచ్చిరాం తాగి తాగి సచ్చిండని తండా అంతటికి ఎరుక. అందుకే నేను చుక్క ముట్టలే. గిప్పుడు అందరు తండ్రి లెక్కనే కొడుకంటున్నరు. ఆ దినం ఇంటికి పోతే రూప్లి ఏం జేసిందో ఎరుకనా? అన్నం పెట్టేముందు దగ్గరికొచ్చి నా నోరు వాసన జూసింది."

వెళ్లి జాకీ తెచ్చాను.

రిమ్ము పని చూసేవాళ్లకు రంగు పనిలా కనబడుతుంది గాని, రంగు చివరి గంట పని. ముందు టైరు విప్పాలి. వంగిన అంచుకు లోపల ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ గుండ్రానికి తేవాలి. పెద్ద దెబ్బ వేస్తే ఇటు సరయి అటు వంగుతుంది. తర్వాత ఆకురాయితో గీతలు చదును చేయాలి. ఆకురాయికి అందని గుంటల్లో లప్పం పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, నీళ్ల తడితో మళ్లీ సన్నకాగితం రుద్ది, వేలు పెట్టి నిమిరితే ఎక్కడ దెబ్బ తగిలిందో వేలికి తెలియకుండా చేయాలి. అప్పుడు తుప్పు పట్టకుండా రెడాక్సైడు పూత, ఆ పైన వెండిరంగు. మా ఊళ్లో ఇంకో బాధ బొగ్గు దుమ్ము. రంగు తడిగా ఉండగా గాలి లేచిందంటే వెండి కాస్తా బూడిద అవుతుంది. అందుకని నేల మీద నీళ్లు చల్లి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి గాని రంగు కొట్టే గన్ను పట్టుకోను.

మొదటి రోజు కుడివైపు రెండూ, ఎడమ వెనకది ముగించాను. రెండో రోజు పొద్దున్నే ఎడమ ముందుది చేతికి తీసుకున్నాను. అంచు కొట్టి సరిచేసి, ఆకురాయి పట్టి, రిమ్ము మధ్యభాగం తుడుద్దామని చూస్తే ఇంకేముంది, పసుపు. నడిమి కప్పు కింది నుంచి మొదలై అంచు వైపు జానెడు పొడుగు చార. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. కొంచెం పోయింది గాని చాయ పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను. మళ్లీ అంతే.

నాకు తిక్క లేచింది. "భద్రూ! ఇంత దట్టంగ పూస్తరా ఎవరన్న? ఇది చక్రమా, పెండ్లికూతురా?"

"నేను పూయలే మేస్త్రీ. దసరాకు అమ్మగారు పూసింది."

"దసరా పసుపు గిప్పటిదాక ఉంటదా? కారు కడగవా నువ్వు?"

"కడుగుత. తుడిస్తే పోతది, నాలుగు దినాలకు మల్ల వస్తది. మల్ల తుడ్సిన. ఒకసారి నేను తుడుస్తుంటే అమ్మగారు జూసి గట్టిగ కోప్పడ్డది. 'పసుపు మీద చెయ్యెయ్యకు, అది తుడిచినా పోకుండా నిలబడిందంటే అమ్మవారి దయ' అన్నది. పక్కింటోళ్లను పిలిచి మరీ చూపెట్టింది. అప్పటిసంది ఆ చార కాడికి గుడ్డ తీస్కపోలే."

నేను సబ్బుగుడ్డ పక్కన పడేశాను. తుడిస్తే పోయి నాలుగు రోజులకు మళ్లీ వచ్చే పసుపును నేను ఈ జన్మలో చూడలేదు. నడిమి కప్పు ఊడబీకాను. బోల్టు రంధ్రం దగ్గర మొదలై చార కిందుగా ఒక గీత పోతోంది, వెంట్రుకంత సన్నం. రిమ్మును నేలకు ఆనించి మోకాలితో నొక్కితే ఆ గీత నోరు తెరిచింది. వదిలితే మూసుకుంది. ఇనుము పగిలి, లోపల నీళ్లు దిగి, తుప్పు కరిగి బయటికి కారుతోంది. అదే వాళ్ల పసుపు.

భద్రును పిలిచి మళ్లీ నొక్కి చూపించాను. అతను వంగి ఆ గీత పొడుగునా వేలితో తడిమాడు.

"బండి జోరు మీదుంటే గీ చక్రం నిలకడగ తిరగదు," అన్నాను. "గుంతల పడ్డప్పుడు గీ పగులు తెరుచుకుంటది, బండి ఎడమకు గుంజుతది. మెల్లగ పోతే ఏం తెల్వదు. నీ తప్పేం లేదుర భద్రూ!"

నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. అతను మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"గోడకు కొట్టినందుకే పగిలిందంటడు అయ్యగారు."

"చార ముందునుంచే ఉన్నది గద! దసరా కాడినుంచి ఉన్నదని నువ్వే అంటివి."

"నేను చెప్తే ఎవరు నమ్ముతరు? అమ్మగారు చెప్పాలె." కొంచెం ఆగి, "చెప్పాలనుకుంటే ఆమె ఆ దినమే చెప్తుండె" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు సరిగ్గా ఎక్కలేదు. నా తొందర నాది. ఆ రిమ్ముకు లప్పం పెట్టలేదు, రంగు వేయలేదు. మిగిలిన సగం చారను అట్లాగే ఉంచి గోడకు ఆనించాను. దాని బదులు స్టెప్నీ బిగించాను. అది పాత నల్లరిమ్ము. దానికి రంగు వేసే వ్యవధి లేదు.

నవమి నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. రాత్రి కొత్తగూడెంలోనే బంధువుల క్వార్టర్లో పడుకున్నారట. ఆయన ఇస్త్రీ పంచె, ఆమె పట్టుచీర. ఆమె చేతిలో సంచి, అందులో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పకుండా భద్రాద్రి రాములవారి కల్యాణం చూస్తుందని భద్రు చెప్పాడు. తొమ్మిది దాటితే గోదావరి వంతెనకు చాలా ఇవతలే బండ్లు ఆపేస్తారు, ఆ పైన జనంలో పడి నడవలేరు. కాబట్టి తొందరగానే వచ్చారు.

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేంటోయ్ పగిడయ్యా? మూడు వెండిలా మెరుస్తున్నాయి, నాలుగోది కాకిలా ఉంది. దేవుడి దగ్గరికి ఈ బండిలో పోవాలా?"

"నాలుగోది గా గోడకున్నది అయ్యగారూ. దాని మీద పోతే దేవుని దగ్గరికి ఇంకా జల్దీ పోతరు."

ఆయనకు కోపం వచ్చింది. వస్తుందని తెలిసే అన్నాను. రిమ్ము తెచ్చి వాళ్ల ముందు పడేసి మోకాలితో నొక్కి చూపించాను. గీత నోరు తెరిచింది.

ఆయన వంగి చూశాడు. "గోడకు కొడితే పగలదా మరి? తాగి గోడకు కొట్టాడు, పగిలింది. నువ్వు అతని తరఫున మాట్లాడతావేంటి?"

"గోడకు రాసింది అంచు. పగిలింది నడుమ. తుప్పు జూడుండ్రి. నెలా నెలన్నరల ఇంత తుప్పు కారదు. దసరాకే కారుతుండె."

"తుప్పేంటయ్యా? అది పసుపు." పద్మావతమ్మగారు ముందుకు వచ్చింది. "నా చేత్తో పూశాను. తుడిచినా పోలేదది. పసుపేదో తుప్పేదో నాకు నువ్వు చెప్తావా?"

ఇదే నాకు ఒళ్లు మండే విషయం. నేను నోరు తెరవబోయేలోగా ఆమె తన సంచిలోంచి పసుపు పొట్లం తీసింది. తాంబూలం పెట్టెలోంచి సున్నం డబ్బా తీసింది. నన్ను ఓడించాలనే తీసింది, ఆ పట్టుదల మొహంలో కనబడుతోంది. అరచేతిలో చిటికెడు పసుపు వేసుకుని, సున్నం కలిపి, చెంబులో నీళ్లు రెండు చుక్కలు వేసి వేలితో రుద్దింది. అరచెయ్యి ఎర్రబడింది. ప్రతి ఇంట్లో పారాణి కలిపేది అట్లాగే.

"చూశావా? పసుపంటే ఇదీ," అని చారకు కూడా సున్నం పూసి నీళ్లతో తడిపింది. వేలితో రుద్దింది. ఎరుపు రాలేదు. ఇంకొంచెం సున్నం వేసి మళ్లీ రుద్దింది. సున్నం కింద చార ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. వేలికి తుప్పుపొడి అంటుకుంది.

ఆమె ఆ వేలిని, ఎర్రబడిన అరచేతిని పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఇది దసరా నుంచీ ఉందండీ," అంది భర్తతో, మెల్లగా. "భద్రు తుడుస్తుంటే నేనే వద్దన్నాను. పక్కింటి కాంతమ్మవాళ్లకి చూపించాను కూడా. గోడకు తగలక ముందు నుంచీ ఉంది."

వెంకటనారాయణగారి మొహం కందగడ్డ అయింది. కాసేపు అటూ ఇటూ చూసి వాచీ చూసుకున్నాడు. "సరే. చక్రందే తప్పు అనుకుందాం. అయిపోయింది కదా? భద్రూ, నువ్వే నడుపు. ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ఎక్కండి, టైమవుతోంది."

నేను సంబరపడ్డాను. భద్రు భుజం తట్టాను కూడా. భద్రు కదల్లేదు. తాళంచెవి చేతిలో పెట్టుకుని పద్మావతమ్మగారి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట అడుగుత. ఆ దినం మీరు నా ఎనకనే కూసున్నరు. కొత్తగూడెం కాడినుంచి ముచ్చట చెప్పుకుంట వచ్చినం. మీకు సారా వాసన వచ్చిందా?"

"రాలేదు," అంది ఆమె.

"నేను తూలిన్నా?"

"లేదు భద్రూ."

"మరి ఏన్కూరు హోటల్ కాడ అయ్యగారు అంటుంటే మీరు పక్కనే ఉంటిరి గదమ్మా."

అతను గొంతు పెంచలేదు. అంతకు ముందు రోజు అతను నాతో అన్న మాట నాకు అప్పుడు ఎక్కింది. చక్రం పగిలిందో లేదో తేలకపోయినా, అతను తాగలేదని ఆమెకు ఆ రోజే తెలుసు. నేను ఆకురాయి పట్టి, కిరసనాయిలు పోసి, మోకాలితో నొక్కి రుజువు చేసిందేదీ అతనికి అక్కర్లేదు. ఆమె నోటి మాట ఒక్కటి చాలు. అన్ని రోజులూ అతను ఎదురు చూసింది దాని కోసమే. నాకు సిగ్గేసింది, ఎవరి తరఫునో నాకే తెలియదు.

"నలుగురి ముందు మొగుణ్ణి కాదనడం ఎందుకని ఊరుకున్నాను," అంది పద్మావతమ్మగారు. ఆమె కళ్లు నిండాయి. "ఇంట్లో చెబుదామనుకున్నాను. ఇంట్లోనూ చెప్పలేదు."

"పద్మా, ఇక్కడ ఇవన్నీ ఎందుకు? వంతెన దగ్గర ఆపేస్తారు," అన్నాడు వెంకటనారాయణగారు.

ఆమె చెయ్యి కడుక్కుని వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. "భద్రూ, మీ తండాకి పోనీ."

"తండాకా? అది అటు వైపు! కల్యాణం పోతుంది!" ఆయన గొంతు లేచింది.

"పోతే పోయింది. ఆ మాట తండా దాకా పోయే ఉంటుంది. అక్కడే చెప్పాలి."

"వచ్చే ఆదివారం పోదాం."

"ఆదివారానికి నాకు ధైర్యం ఉండదండీ. నా సంగతి నాకు తెలుసు. మీరు వస్తారా, బస్సులో భద్రాచలం పోతారా?"

ఆయన తలుపు దభాలున వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను కూడా వెనక తలుపు తీసి ఎక్కాను. స్టెప్నీ పాతది, దారిలో ఏమైనా అయితే నేనుండాలి అన్నాను. ఎవరూ కాదనలేదు. నిజం చెప్పాలంటే స్టెప్నీ బాగానే ఉంది. నాకు చూడాలనిపించింది.

దారి పొడుగునా ఎదురుగా భద్రాచలం పోయే బస్సులు, లారీలు. లారీల మీద జనం రామ రామ అని కేకలు వేస్తున్నారు. అందరూ అటు పోతుంటే మేము ఇటు పోతున్నాం. కల్వర్టు వచ్చినప్పుడు భద్రు వేగం తగ్గించలేదు. గోడ మీద చక్రాలు రాసుకున్న గీత ఇంకా ఉంది. కారు సూటిగా పోయింది. వెంకటనారాయణగారు ఆ గోడను చూసి తల అటు తిప్పుకున్నాడు.

తండాలో కారు ఆగితే పిల్లలు ముందు వచ్చారు, తర్వాత ఆడవాళ్లు, ఆ తర్వాత తండా పెద్ద తుల్సీరాం నాయక్ కర్ర పట్టుకుని వచ్చాడు. రూప్లి ఇంటి ముందు చాప మీద మిరపకాయలు ఎండకు పరుస్తోంది. మొగుడి వెనక పట్టుచీర కట్టిన అమ్మగారు దిగడం చూసి లేచి నిలబడింది. ఏదో పెద్ద గొడవే వచ్చిందనుకుని ఉంటుంది, ఆమె మొహంలో నెత్తురు లేదు.

వెంకటనారాయణగారు కారు దిగలేదు. పద్మావతమ్మగారు ఎండలో నడిచి వెళ్లి అందరి మధ్యన నిలబడింది. అంతమంది ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడి ఉండదు. కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది.

"ఆ రోజు కారులో నేనున్నాను. భద్రు తాగలేదు. చక్రం ముందే పగిలి ఉంది. అతను తాగలేదని నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు," అంది.

మగవాళ్లలో కొందరికి అర్థమైంది. ముసలివాళ్లకు తెలుగు సంతలో బేరమాడే వరకే వస్తుంది. పైగా ఆమెది కోస్తా యాస, గొంతు వణుకుతోంది. తుల్సీరాం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆమెను మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయనకు మళ్లీ అందలేదు. భద్రు వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆమె ఏమంటోందో నువ్వు చెప్పు అని కాబోలు. నిజమే, ఆమె మాట అక్కడ అందరికీ తిప్పి చెప్పగలవాడు అతనే.

భద్రు నోరు తెరిచాడు. మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచాడు. అన్నాళ్లుగా ఎవరో ఒకరు అంటే బాగుండునని తిరిగినవాడు, ఆ మాట తన నోటితో తన గురించి చెప్పుకోవలసి వచ్చేసరికి పెదవులు అదిరాయి తప్ప ఒక్క ముక్క బయటికి రాలేదు. భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జనం అతని వైపు, పద్మావతమ్మగారి వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఈ లోపు ఎవరో ముసలామె వెనక నుంచి గొణిగింది. ఇంకొంచెం సేపు అట్లాగే ఉంటే ఏదో తప్పు ఒప్పుకుని ఏడుస్తున్నాడనుకుని పోయేవాళ్లేమో. నాకు కాళ్లు ఆగలేదు గాని, వాళ్ల భాష నాకు రాదాయె.

రూప్లి ముందుకు వచ్చింది. మిరప పొలాల్లో కూలికి తిరిగిన మనిషి, ఆమెకు తెలుగు బాగానే వచ్చు. మొగుడి పక్కన నిలబడి, చేతులకు అంటిన మిరప గింజలు దులుపుకుని, తండా చివరి గుడిసెకు వినబడేట్టు వాళ్ల మాటలో చెప్పింది. మొదటి రెండు మాటలకే తుల్సీరాం తల ఊపాడు. ముసలామె "హా" అంది. అయినా రూప్లి ఆపలేదు. తన గుండె మీద కొట్టుకుంటూ, తన ముక్కునూ భద్రు నోటినీ చూపిస్తూ, మధ్యలో ఏడుస్తూ ఇంకా ఇంకా చెబుతూనే ఉంది.

పద్మావతమ్మగారికి భయం వేసినట్టుంది. "నేను మూడు నాలుగు ముక్కలేగా అన్నాను భద్రూ? అంతసేపు ఏం చెప్తోంది? నన్ను తిడుతోందా?"

భద్రు తువ్వాలు కిందికి దించాడు.

"లేదమ్మా. మీరన్నది మొదట్లనే చెప్పేసింది," అన్నాడు. "గిప్పుడు తిడ్తున్నది తనను తనే."